మా ఆయనకు ఆడిస్ అబాబా పోస్టింగ్. కొత్తగా వచ్చిన టీచర్ ఉద్యోగం వదిలి నేనూ వెళ్ళాలా?

సోంపేట టీచర్:

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్ రాసి విదేశాంగ శాఖలో ఏఎస్ఓగా (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్) ఢిల్లీలో చేస్తున్నారు. ఇప్పుడు ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో మన ఎంబసీకి వేశారు. మూడేళ్ళు అంటున్నారు. ఆ శాఖలో చేరినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు బయటి దేశం వెళ్ళక తప్పదని పెళ్ళి చూపుల్లోనే చెప్పారు. కాబట్టి ఆయన్ని వెళ్ళొద్దని నేను అనను. తేలనిది నా సంగతే.

నేను ప్రభుత్వ టీచర్ల నియామకం మెగా డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా వచ్చాను. 2018 తర్వాత 2025 దాకా డీఎస్సీయే జరగలేదు. మధ్యలో 2024లో నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. ఆ కాలమంతా పాపను మా అమ్మకు అప్పజెప్పి చదివాను. ఇప్పుడు కవిటి మండలంలో ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూల్లో ఒకటి, రెండు తరగతులు చెబుతున్నాను. అక్షరాలు రాని పిల్లలు సంక్రాంతి సెలవులకు ముందే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. ఇంట్లో ఇది ఎవరికీ పెద్ద విషయంగా అనిపించదు. నాకు చాలా పెద్ద విషయం.

అత్తవారి వైపు మాట ఒకటే. "డాలర్లలో అలవెన్స్ వస్తుంది, ఇల్లు ప్రభుత్వమే ఇస్తుంది, నీ 32,670 బేసిక్ కోసం మొగుడూ పెళ్ళాలు విడివిడిగా ఉండాలా?" అంటారు. లెక్క ప్రకారం వాళ్ళ మాట కాదనలేను. కానీ నేను చదివింది ఆ బేసిక్ ఒక్కదాని కోసమే కాదు.

ఇంకొకటి మా నాన్న. కిడ్నీ జబ్బు, రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. ఆ జబ్బు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు, పలాస ఆసుపత్రిలో చూపిస్తున్నాం. నీళ్ళ మీదే మా వైపు అందరికీ అనుమానం. హిరమండలం నుంచి వంశధార నది నీళ్ళు ఇప్పుడు మా కుళాయికి వస్తున్నాయి గానీ నాన్నకు జబ్బు అంతకు ముందే ముదిరింది. నేను ఒక్కతే కూతుర్ని. అమ్మ "నువ్వెల్లిపోతే ఈయన్ని ఎవులు సూత్తారే?" అంటుంది. నాన్నేమో నా కోసం ఆగొద్దని కోప్పడతారు.

పాపకు ఆరేళ్ళు. తండ్రిని సెలవులకు వచ్చే మనిషిగానే చూసింది. మూడు దారులు కనిపిస్తున్నాయి: రాజీనామా చేసి వెళ్ళడం, సెలవు పెట్టి వెళ్ళడం, ఇక్కడే ఉండిపోవడం. ఇలాంటిది దాటి వచ్చినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

విశ్రాంత హెచ్ఎం, విజయనగరం:

అమ్మా, ముందు రాజీనామా మాట పక్కన పెట్టు. రాజీనామా చేస్తే చేసిన సర్వీసు పోతుంది, మళ్ళీ డీఎస్సీ ఎప్పుడు పడుతుందో నీకు నా కంటే బాగా తెలుసు.

సెలవు విషయం. నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావు. అంటే ఉద్యోగం ఖాయమయ్యే ముందు పరీక్షా కాలం. వరుసగా మూడేళ్ళ కాలంలో రెండేళ్ళు డ్యూటీ చేసి ఉండాలి. జీతం లేని సెలవు ఆ రెండేళ్ళ లెక్కలోకి రాదు. ఇప్పుడు పెద్ద సెలవు పెడితే ప్రొబేషనే ఇబ్బందిలో పడుతుంది. అది డిక్లేర్ అయ్యాక, అంటే పూర్తయిందని ఉత్తర్వు వచ్చాక అడిగితే నీ అర్జీకి బలం వేరు. అప్పుడు కూడా వరుసగా ఐదేళ్ళకు మించి ఏ సెలవూ ఇవ్వరు. సెలవు నీ హక్కు కాదు, మంజూరు అధికారి చేతిలోది. జీతం లేని కాలంలో ఇంక్రిమెంటు వెనక్కి జరుగుతుంది. సీపీఎస్ పింఛన్ స్కీమ్‌లో నీ పది శాతం కట్టవు కాబట్టి ప్రభుత్వం వేసే పది శాతం కూడా పడదు. ఇవన్నీ తెలిసి వెళ్తే తర్వాత బాధ ఉండదు.

వేసవి సెలవుల్లో వెళ్ళి రావచ్చు. ఏప్రిల్ చివర్లో బడి మూస్తే జూన్ రెండో వారం దాకా సమయం ఉంటుంది. అయితే సెలవులే కదా అని చెప్పకుండా విమానం ఎక్కకు. దేశం దాటడానికి ముందస్తు అనుమతి కావాలి. ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు ఫైలు వెళ్ళి రావడానికి పట్టే సమయం చూసుకుని సంక్రాంతి వెళ్ళగానే పెట్టేయి.

ఇథియోపియా అని భయపడకు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి చాలామంది టీచర్లు అక్కడి బడులకు వెళ్ళి పాఠాలు చెప్పారు. ఆ దేశంలో భారతీయ టీచర్ అంటే పాత పరిచయం.

బొబ్బిలి ఆడపడుచు:

అక్కా, మా వారూ అదే శాఖ. నేను బొబ్బిలిలో ప్రైవేటు కాలేజీలో చెప్పేదాన్ని, మానేసి ఆయనతో వెళ్ళాను. ఆఫ్రికాలోనే వేరే దేశం.

నీకూ పాపకూ తెల్ల రంగు అఫీషియల్ పాస్‌పోర్టు ఇస్తారు. దాంతో అక్కడికెళ్ళి ఏ స్కూల్లోనో చేరిపోతానంటే కుదరదు. మన శాఖ అనుమతి, ఆ దేశం అనుమతి రెండూ కావాలి. నేను ఆ ఆశతోనే వెళ్ళాను. ఆయన పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రారు. ఎంబసీ కుటుంబాలు మంచివే, కానీ పది ఇళ్ళ మధ్య ఎంతసేపని తిరుగుతాం? పాఠం చెప్పిన మనిషికి ఆ ఖాళీ చాలా బరువు. మీ అత్తవారి లెక్కలో ఇది ఉండదు.

అయినా హెచ్ఎం గారు చెప్పని ఒక మాట చెబుతాను. ప్రొబేషన్ అయ్యాక తప్పకుండా వెళ్ళు. చివరి ఏడాదిన్నరైనా సరే. మా బాబు వాళ్ళ నాన్నతో సైకిల్ నేర్చుకున్నది, రాత్రి కథలు విన్నది అక్కడే. ఢిల్లీలో ఆయనకు అంత తీరిక ఎప్పుడూ లేదు. డబ్బు కంటే నాకు అదే మిగిలింది.

పాప చదువుకు భయం లేదు. తిరిగొచ్చాక ఢిల్లీలో కేంద్రీయ విద్యాలయంలో బదిలీ ఉద్యోగుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం ఉంది. తెలుగు మాత్రం నువ్వే చూసుకోవాలి. మా వాడు మాట్లాడతాడు గానీ చదవలేకపోయాడు. నువ్వు ఒకటో తరగతి టీచర్‌వి, వాచకాలు పెట్టెలో వేసుకెళ్ళు.

ఆ ఊరు సముద్ర మట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది, అరకుకు రెండింతలు దాటిన ఎత్తు. మొదటి వారం మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, కంగారు పడొద్దు.

మీ ఆయన బయల్దేరే ముందు ఒక్క పని చేయించు. కుటుంబం ఆలస్యంగా వస్తే ప్రభుత్వ ఖర్చుతో టికెట్ ఏ గడువు దాకా ఇస్తారో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగించు. నోటి మాట నమ్మొద్దు.

పలాస స్టాఫ్ నర్సు:

మీ నాన్నగారి గురించి ఎవరూ రాయలేదని రాస్తున్నాను. డయాలసిస్ వార్డులో చేస్తాను.

ఒక్క రిపోర్టు చూసి మీరు ఉండాలో వెళ్ళాలో తేల్చుకోకండి. పాత రిపోర్టులన్నీ వరుసగా పెట్టి, క్రియాటినిన్ ఏ వేగంతో పెరుగుతోందో డాక్టరును అడగండి. నిలకడగా ఉంటే ఒక తీరు, గబగబా పెరుగుతుంటే ఇంకో తీరు. డయాలసిస్ తప్పదనుకుంటే చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూది కోసం రక్తనాళాలు కలిపే చిన్న ఆపరేషన్) ముందే చేయించాలి, అది సూదికి పనికొచ్చేలా అవ్వడానికి వారాలు పడుతుంది. చాలామంది ఆఖరి నిమిషంలో వచ్చి మెడలో గొట్టం వేయించుకుంటారు. మీరు ఊళ్ళో ఉన్నప్పుడే ఈ సంగతి మాట్లాడి పెట్టుకోండి.

బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. ఒళ్ళు నొప్పులకు షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగకూడదు, జీడి తోటల్లో పనిచేసేవాళ్ళకు ఈ అలవాటు ఎక్కువ. అమ్మకు ఈ రెండూ గట్టిగా చెప్పండి. ఆసుపత్రికి తోడు వెళ్ళే దగ్గరి మనిషిని ఒకరిని ఇప్పుడే కుదుర్చుకోండి, మేనమామ కొడుకో, పెదనాన్న కొడుకో. రోజూ వీడియో కాల్ చేయడం మంచిదే, కానీ క్యూలో నిలబడటానికి మనిషి కావాలి.

సోంపేట టీచర్:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి మా ఆయనతో చాలాసేపు మాట్లాడాను. రాజీనామా లేదు. ఆయన ముందు వెళ్తారు. నేను ప్రొబేషన్ పూర్తి చేస్తాను, వేసవికి పాపతో వెళ్ళి వస్తాను. డిక్లేర్ అయ్యాక సెలవు పెట్టి చివరి భాగమైనా కలిసి ఉంటాం. టికెట్ గడువు గురించి ఆయన ఈ వారమే రాసి అడుగుతానన్నారు. అత్తగారికి ఆయనే చెబుతారు, ఆ బరువు నా మీద వేయలేదు.

చెల్లీ, నువ్వు రాసిన ఖాళీ గురించి ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. ఢిల్లీలో తన గది గురించి నాకు ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పారు.

సిస్టర్ గారూ, నాన్న రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టాను, శనివారం పలాస తీసుకెళ్తున్నాను. ఫిస్టులా మాట నేనే ఎత్తుతాను. మా చిన్నాన్న కొడుకు కంచిలిలోనే ఉన్నాడు, తోడు వెళ్తానని ఒప్పుకున్నాడు.

హెచ్ఎం గారూ, ఒక్క సందేహం. నాకు ఇంకా ఏ పాస్‌పోర్టూ లేదు. దానికోసం డిపార్టుమెంటుకు పెట్టే కాగితం, వేసవి ప్రయాణానికి అనుమతి కాగితం రెండూ ఒకేసారి ఎంఈఓ గారికి ఇవ్వొచ్చా, లేక మొదటిది వచ్చాకే రెండోది పెట్టాలా?