ఫ్రిస్కోకు ఊరి లక్షణం ఉందా?

కొత్త కాపురం (ప్రశ్న):

కూకట్‌పల్లిలో పదిహేనేళ్లు ఉండి, ఎనిమిది నెలల క్రితం ఉద్యోగరీత్యా టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చాను. డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఈ శివారు నగరంలో 1990 జనగణన నాటికి సుమారు 6,100 మంది ఉండేవారు. 2000లో ఆ సంఖ్య 33,714కు, 2010లో 1,16,989కు, 2020లో 2,00,509కు చేరింది. ఈ అంకెలు చదివి వచ్చిన నేను ఏదో సందడిని ఊహించుకున్నాను. నాకు కనిపించింది మాత్రం ఆరు వరుసల రోడ్లు, వాటికి రెండు వైపులా ఇటుక గోడలు, ఆ గోడల వైపు వీపు తిప్పి కూర్చున్న ఇళ్లు. కూకట్‌పల్లి కూడా కాలనీలు కాలనీలుగా పెరిగినదే గాని, హౌసింగ్ బోర్డు ఇళ్ల నడుమ పాత గ్రామం ఎక్కడుందో, రామాలయం ఎక్కడుందో ఎవరినడిగినా చెబుతారు.

ఫ్రిస్కో ఇంత వేగంగా పెరగడానికి అసలు కారణం ఏమిటి? ‘మంచి బడులు’ అని అందరూ అంటున్నారు, కాని జనం రాకముందే బడులు మంచివయ్యాయా, జనం వచ్చాక అయ్యాయా? ఇళ్లూ దుకాణాలూ కాక, ఈ ఊరికి తనదంటూ ఒక స్వభావం ఉందా? ఎంతో కాలంగా ఇక్కడ ఉంటున్నవారు చెప్పగలరు.

నల్లరేగడి:

పాత గ్రామం ఇక్కడా ఉందండీ, కాకపోతే అది ఒకసారి చోటు మార్చుకుంది. ప్రెస్టన్ రోడ్డు మీద మీరు రోజూ కారు నడుపుతూ ఉంటారు. ఒకప్పుడు టెక్సాస్ పశువుల మందలను ఉత్తరాదికి తోలుకుపోయిన షానీ బాట అదే. ఆ బాట సాగిన మెరక మీద లెబనాన్ అనే పల్లె ఉండేది. 1902 ప్రాంతంలో రైలు మార్గం వచ్చినప్పుడు ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టే చోటు కావలసి వచ్చింది. ప్రెస్టన్ మెరక అందుకు మరీ ఎత్తుగా ఉండడంతో, సుమారు నాలుగు మైళ్లు పడమరగా, పల్లంలో ఆ మజిలీని ఏర్పాటు చేశారు. లెబనాన్‌వాసులు కొందరు తమ ఇళ్లనే దుంగల మీద దొర్లించుకుంటూ రైలు పట్టాల దగ్గరికి తరలించారు.

కొత్త ఊరికి మొదట ఎమర్సన్ అని పేరు పెట్టుకుంటే, అటువంటి పేరుతో మరో ఊరుందని తపాలా శాఖ ఒప్పుకోలేదు. అప్పుడు సెయింట్ లూయిస్-శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే ముద్దుపేరైన ‘ఫ్రిస్కో’నే ఊరికి పెట్టుకున్నారు. (ఆ రైల్వే శాన్ ఫ్రాన్సిస్కో దాకా ఎన్నడూ వెళ్లలేదన్నది వేరే సంగతి.) ఊరు 1908లో పురపాలికగా నమోదైంది. పిల్లల హైస్కూళ్ల పేర్లు గమనించండి: 2016లో తెరిచినది లెబనాన్ ట్రయల్, 2021లో తెరిచినది ఎమర్సన్. కదిలిపోయిన పల్లె, తపాలా వారు కాదన్న పేరు రెండూ బడి బోర్డుల మీద బతికే ఉన్నాయి.

ఇక నేల మాటకొస్తే, ఇది ఒకప్పుడు పత్తి పండిన చోటు. మాది గుంటూరు వైపు కాబట్టి మొదటి వానకే పోల్చుకున్నాను: తడిస్తే చెప్పును వదలదు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అచ్చంగా మన రేగడే. ఎండాకాలంలో ఇంటి చుట్టూ పునాది వెంబడి నీళ్లు పెట్టడం మరవకండి. నేల కుంచించుకుపోతే పునాది స్లాబు ఒరిగి, గోడల్లో బీటలు తేలి, తలుపులు పడవు.

లెక్కల మనిషి:

నల్లరేగడి గారు చెప్పిన చరిత్ర బాగుంది, కాని 1990లో ఆరువేల మంది ఉన్న ఊరు అంత పెద్దదైన వైనం రైలు కథలో దొరకదు. నా దృష్టిలో అది అమ్మకపు పన్నులో ఉంది. టెక్సాస్‌లో రాష్ట్రం 6.25 శాతం వసూలు చేస్తే, స్థానిక సంస్థలన్నీ కలిసి మరో 2 శాతానికి, అంటే డాలరుకు రెండు సెంట్లకు, మించి వేయకూడదు. పక్కనున్న ప్లేనో ఆ రెండు సెంట్లలో ఒకటి డల్లాస్ ప్రాంతపు ప్రజారవాణా సంస్థ డార్ట్‌కు ఇస్తూ వచ్చింది. ఫ్రిస్కో అందులో చేరలేదు. ఒక సెంటు సాధారణ ఖర్చులకు ఉంచుకుని, మిగిలినదాన్ని చెరి సగంగా ఆర్థికాభివృద్ధి సంస్థకు, సామాజికాభివృద్ధి సంస్థకు కేటాయించింది.

2000లో స్టోన్‌బ్రయర్ మాల్ తెరవడంతో ఆ పన్ను పంట పండింది. 2003లో బేస్‌బాల్ మైదానం, 2005లో సాకర్ స్టేడియం, 2007లో ఊరు దాటి 380 రహదారి దాకా టోల్‌వే, 2016లో డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన స్థావరమైన ‘ది స్టార్’ వచ్చాయి. 2022లో అమెరికా వృత్తి గోల్ఫ్ క్రీడాకారుల సంఘం ఫ్లోరిడా నుంచి తన కార్యాలయాన్ని ఇక్కడికి మార్చుకుంది. అందరూ పడుకోవడానికి మాత్రమే వచ్చే ఊరు కాకూడదన్న పంతం ఈ వరుసలో కనిపిస్తుంది.

దానికి చెల్లించిన వెల కూడా ఉంది. రైలు పేరు పెట్టుకున్న ఊరిలో గూడ్సు బండ్లు పోతాయే తప్ప మనం ఎక్కే రైలు లేదు. మా అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలున్నప్పుడు, హనుమాన్ గుడికి వెళ్లాలన్నా కూరగాయలకు వెళ్లాలన్నా నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చునేవారు. ఊరి స్వభావం అడిగారు గనుక చెబుతున్నాను: కారు నడపలేనివారిని ఇది లెక్కలోకి తీసుకోలేదు.

పాత కాపు:

నేను 2004లో వచ్చాను. పన్ను సంగతి నిజమే కాని, బడుల ప్రశ్నను లెక్కల మనిషి గారు దాటవేశారు. 2003 దాకా ఇక్కడ ఒక్కటే హైస్కూలు ఉండేది. ఇప్పుడు పన్నెండు. ఒక్కో హైస్కూలును సుమారు 2,100 మందికే పరిమితం చేయాలని పాఠశాల జిల్లా (ఇక్కడి ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) నిర్ణయించుకుంది. వేలమంది కిక్కిరిసిన బడిలో బ్యాండులోనో జట్టులోనో చోటు దొరకని పిల్లవాడికి ఇక్కడ దొరుకుతుంది. మీ ప్రశ్నకు నా జవాబు: బడులూ జనమూ ఒకదాన్నొకటి లాక్కొచ్చాయి. అయితే ఊరంతా ‘మా బడి’ అని ఒక్కటై కేకలేసే శుక్రవారపు ఫుట్‌బాల్ రాత్రి మాత్రం పన్నెండు ముక్కలైంది. ది స్టార్‌లోని ఫోర్డ్ సెంటర్‌లో బడి జట్ల ఆటలూ చదువు ముగించినవారి పట్టా ప్రదాన వేడుకలూ జరుగుతాయి గనుక, ఊరు కలుసుకునే రచ్చబండ ఏదైనా ఉందంటే అదే.

అంతా సాఫీగా జరిగిందని కూడా అనుకోవద్దు. పాత బ్యాటరీలను కరిగించి సీసం తీసే కర్మాగారం 1964 నుంచి ఊరి నడిబొడ్డుకు దగ్గరలోనే నడిచింది. చుట్టూ ఇళ్లు వచ్చి, గాలిలో సీసం గురించి తల్లిదండ్రులు గొడవపడి, చివరికి 2012లో మూతపడింది. పక్కనే తలపెట్టిన పెద్ద ఉద్యానవనం ఆ కాలుష్యం వల్లనే ఏళ్ల తరబడి కాగితాల మీద ఉండిపోయింది. కొత్తవారికి బ్రోకర్లు ఈ సంగతి చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు ఊరు యవ్వనం దాటుతోంది. ఇళ్ల ధరలు అందక చిన్నపిల్లల కుటుంబాలు ఇంకా ఉత్తరానికి, ప్రాస్పర్, సెలీనాల వైపు పోతున్నాయి. పాత ఫ్రిస్కోలోని స్టేలీ మిడిల్ స్కూలును 2025లో మూసేశారు. ఏటా కొత్త బడి రిబ్బను కత్తిరించడమే చూసిన మాకు, ఒక బడికి తాళం పడడం వింతగా అనిపించింది.

కొత్త కాపురం:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మెయిన్ స్ట్రీట్‌కు వెళ్లి, పట్టాల పక్కన గూడ్సు బండి పోయేదాకా నిలబడ్డాను. లెబనాన్ ట్రయల్ అనే పేరు మా అబ్బాయి రోజూ పలుకుతున్నా, అది ఏమిటని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. మా ఇల్లు 2001లో కట్టినది. పడమటి గదిలో తలుపు పడడం లేదు. నల్లరేగడి గారూ, అటు వైపు ఒక్కచోటే నీళ్లు పెడితే చాలా, లేక నాలుగు వైపులా ఒకేలా పెట్టాలా?

నల్లరేగడి:

నాలుగు వైపులా పెట్టాలండీ. ఒక పక్కే తడిపితే ఆ పక్క ఉబ్బి, రెండో పక్క బీటలు వస్తాయి. గొట్టాన్ని గోడకు ఆనించకుండా అడుగు, అడుగున్నర దూరంలో పరచండి.