మెథిసర్జైడ్‌ని ఆరు నెలలకోసారి ఎందుకు ఆపాలి?

ఫార్మ్-డి విద్యార్థిని, నల్లకుంట
అందరికీ నమస్కారం. ఎర్గాట్ అనే బూజు నుంచి వచ్చిన మందులు చదువుతూ మెథిసర్జైడ్ దగ్గర ఆగిపోయాను. సెరటోనిన్ పనిచేసే 5-హెచ్‌టీ2 రిసెప్టర్లను అడ్డుకుని మైగ్రేన్ రాకుండా చూస్తుందని పుస్తకంలో ఉంది. కానీ హాఫ్‌లైఫ్ (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) గంటే! అలాంటప్పుడు రోజంతా ఎలా కాపాడుతుంది? ఆరు నెలలు వాడాక నెల రోజులు ఆపమంటారు కదా, అది ఒళ్లు మందుకు అలవాటు పడుతుందనా? ఎర్గోటమైన్ కూడా ఈ కుటుంబమే కదా, దాన్నే రోజూ వాడితే ఏమవుతుంది?

ఫార్మకాలజీ టీచర్, కోఠి
హాఫ్‌లైఫ్ ప్రశ్న సరిగ్గా పట్టుకున్నావమ్మా. నోటితో తీసుకున్న మెథిసర్జైడ్‌లో 13 శాతమే యథాతథంగా రక్తంలోకి చేరుతుంది. లివర్ దాని మిథైల్ గ్రూపును తీసేసి మిథైల్ ఎర్గోమెట్రిన్‌గా మారుస్తుంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి లేబర్ రూములో ఇచ్చే మందు అదే. రక్తంలో దాని ఏయూసీ (మందు ఎంత, ఎంతసేపు ఉందో కలిపి చెప్పే లెక్క) అసలు మందుకు పది రెట్లకు పైనే, హాఫ్‌లైఫ్ సుమారు 220 నిమిషాలు. అందుకే మెథిసర్జైడ్‌ని ప్రోడ్రగ్‌గా, అంటే ఒంట్లో మారాకే అసలు పని చేసే మందుగా, చూడాలి. ఆ 220 నిమిషాలు కూడా రోజుకు చాలవు కాబట్టి 2 నుంచి 6 మి.గ్రా. డోసును రెండు మూడు సార్లుగా, తిండితో పాటు ఇచ్చేవారు. మూడు వారాల్లో గుణం కనబడకపోతే కొనసాగించి లాభం లేదు.

విరామం అలవాటు గురించి కాదు, ఫైబ్రోసిస్ (కణజాలం నారలా గట్టిపడటం) గురించి. 5-హెచ్‌టీ2ను అడ్డుకోవడం వల్లే ఆ హాని అయితే పిజోటిఫెన్, సైప్రోహెప్టడైన్ కూడా చేయాలి. అవీ 5-హెచ్‌టీ2ను అడ్డుకునేవే, వాటితో ఈ బాధ లేదు. తేడా ఎక్కడంటే, మిథైల్ ఎర్గోమెట్రిన్ 5-హెచ్‌టీ2లో ఒక రకమైన 5-హెచ్‌టీ2బీ మీద అగోనిస్టు, అంటే దాన్ని ప్రేరేపిస్తుంది. గుండె కవాటాల్లోని ఫైబ్రోబ్లాస్టులు (నార కణజాలాన్ని తయారుచేసే కణాలు) ఈ రిసెప్టర్ ప్రేరణకు పెరిగి, కవాటం మందంగా, బిగుతుగా తయారవుతుంది. పార్కిన్సన్స్ జబ్బుకు వాడిన ఎర్గాట్ మందు పెర్గొలైడ్‌ని అమెరికాలో 2007లో వెనక్కి తీసుకోవడానికి కారణం కూడా ఈ కవాటాల దెబ్బే. పుస్తకంలో ‘5-హెచ్‌టీ2 యాంటగోనిస్టు’ (అడ్డుకునేది) అని ఒక్క ముక్క రాసి వదిలేయడం నాకు నచ్చదు. ఈ మందు మంచీ చెడూ తెలియాలంటే మెటబొలైట్‌ని, అంటే లివర్ మార్చిన రూపాన్ని, చూడాల్సిందే.

న్యూరాలజీ రెసిడెంట్, పంజాగుట్ట
మేడమ్ చెప్పినదానికి వార్డు వైపు నుంచి కొంచెం. ఫైబ్రోసిస్ కడుపు వెనక భాగంలో వస్తే మూత్రనాళాలు నొక్కుకుపోతాయి. నడుము పక్క నొప్పి, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు కనబడితే మందు వెంటనే ఆపి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), అల్ట్రాసౌండ్ చూడాలి. మందు ఆపితే అక్కడి ఫైబ్రోసిస్ చాలావరకు తగ్గుతుంది, గుండె కవాటాల విషయంలో అంత భరోసా లేదు. మామూలు విరామానికైతే ఒక్కసారిగా ఆపకూడదు, తలనొప్పి తిరగబడుతుంది. రెండు మూడు వారాల్లో డోసు దించుకుంటూ రావాలి. అమెరికాలో 2002లో అమ్మకం ఆగింది. ఐరోపా మందుల ఏజెన్సీ 2014లో మామూలు మందులకు లొంగని తీవ్రమైన మైగ్రేన్, క్లస్టర్ తలనొప్పి నివారణకే పరిమితం చేసింది: మొదట్లో, తర్వాత ఆరు నెలలకోసారి ఫైబ్రోసిస్ పరీక్షలు, మధ్యలో కనీసం నాలుగు వారాల విరామం.

మెడికల్ షాప్ ఫార్మసిస్టు, దిల్‌సుఖ్‌నగర్
ఎర్గోటమైన్ సంగతి నేను చెప్తా చెల్లె. కౌంటర్ మీద ఎక్కువగా తగిలేది ఎర్గోటమైన్ 1 మి.గ్రా., కెఫీన్ 100, పారాసిటమాల్ 250, ప్రోక్లోర్‌పెరజైన్ 2.5 కలిసిన గోలీ. ఇది వచ్చిన నొప్పికే. నెలలో పది రోజులు, ఆపైన వాడుతూ మూడు నెలలు దాటితే మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. ఎర్గోటమైన్ లెక్క వారానికి 10 మి.గ్రా. దాటొద్దు. రక్తంలోంచి అది తొందరగా పోయినా రక్తనాళాల బిగింపు రోజు దాకా ఉంటది.

అసలు ప్రమాదం పక్క చీటీలో ఉంటది. తామరకు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ ఇవాళ ఎంతమంది వాడుతున్నారో! అది మందులను విరిచే లివర్ ఎంజైమ్ సీవైపీ3ఏ4ను ఆపేస్తది, ఎర్గోటమైన్ ఒంట్లో పేరుకుంటది, వేళ్లు చల్లబడి తెల్లబారుతయి, మణికట్టు నాడి అందదు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ యాంటీబయోటిక్‌లు, హెచ్‌ఐవీ మందు రిటోనావిర్ కూడా అంతే. ట్రిప్టాన్ (సుమట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ మందు) వేసుకుంటే అటూ ఇటూ 24 గంటలు ఎర్గోటమైన్ వద్దు. అందుకే తలనొప్పి గోలీ అడిగితే ఇచ్చే ముందు ‘ఒంటి మీద తామరకు క్యాప్సూల్స్ ఏమైనా వాడుతున్నరా, దగ్గుకు యాంటీబయోటిక్ ఏదైనా నడుస్తోందా, బీపీ, గుండె జబ్బు ఉన్నదా, కడుపుతో ఉన్నరా’ అని అడగాలి. ఒక్కదానికి అవునన్నా గోలీ ఇయ్యొద్దు, డాక్టర్ దగ్గరికి పంపాలి.

ఫార్మ్-డి విద్యార్థిని, నల్లకుంట
సీవైపీ3ఏ4ను ఆపితే మెథిసర్జైడ్ మెటబొలైట్‌గా మారడం కూడా తగ్గాలి కదా, మరి ఎందుకు కలపొద్దంటారు?

ఫార్మకాలజీ టీచర్, కోఠి
మారనిది మాయమవదు కదమ్మా. అసలు మందే రక్తంలో పెరుగుతుంది, దానికీ నాళాలను బిగించే గుణం ఉంది. అందుకే రెండూ కలిపి ఇవ్వరు.