సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు, కోడ్ పీ0685. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాల్సిందేనా?

కీతిప్పి_చూడు:
పది రోజులుగా నా పెట్రోల్ కారు ఏడిపిస్తోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. బాగా తిరిగి వేడెక్కాక పది నిమిషాలు ఆపి మళ్లీ తీద్దామంటే మాత్రం సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు, అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. నడుస్తున్నప్పుడు స్కానర్ పెడితే పీ0685 వచ్చింది, ఈసీఎం పవర్ రిలే కంట్రోల్ సర్క్యూట్ ఓపెన్ అట, అంటే ఈసీయూకి కరెంటు కలిపే రిలే (కరెంటుతో పని చేసే స్విచ్) దారి ఎక్కడో తెగిందని. మొరాయించినప్పుడు పెడితే స్కానరే కనెక్ట్ కావట్లేదు. రిలే కొత్తది వేశాను, రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. మెకానిక్ ఐదు నిమిషాలు చూసి ఈసీయూ పోయింది, మార్చేద్దాం అన్నాడు. అంత డబ్బు పెట్టే ముందు ఒకసారి అడుగుదామని.

పాత_రెంచి:
ఆగండి, ఈసీయూ జోలికి ఇప్పుడే పోకండి. మొరాయించినప్పుడు కీ ఆన్ చేస్తే మీటర్లో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందా? చాలా కార్లలో కీ ఆన్ చేయగానే ఫ్యూయల్ పంపు ఒకటి రెండు సెకన్లు జుయ్‌మంటుంది, అది వినిపిస్తోందా? రెండూ లేవంటే ఈసీయూకి కరెంటే అందట్లేదేమో ముందు చూడాలి. అన్నం పెట్టకుండా పని చేయట్లేదని తిడితే ఎలా?

ఎక్కువ కార్లలో సంగతి ఇదీ. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన కరెంటు మెయిన్ రిలేలో రెండు చోట్లకు వెళ్తుంది, ఒకటి కాయిల్‌కి (స్విచ్‌ను లాగే తీగచుట్ట), ఇంకోటి పెద్ద కాంటాక్ట్‌కి (అసలు కరెంటు దాటే చోటు). కీ ఆన్ కాగానే ఈసీయూ కాయిల్ రెండో చివరను ఎర్త్ చేస్తుంది, అంటే బ్యాటరీ మైనస్‌కి కలుపుతుంది, రిలే టక్‌మంటుంది, అప్పుడు ఈసీయూకి, ఇంజెక్టర్లకు, ఇగ్నిషన్ కాయిల్స్‌కి అసలు పవర్ వెళ్తుంది. స్టార్టర్ దారి వేరు, అందుకే సెల్ఫ్ మాత్రం తిరుగుతోంది. కొన్ని మోడళ్లలో కాయిల్‌కి కరెంటు కీ స్విచ్ నుంచి వస్తుంది కాబట్టి మీ కారు వైరింగ్ డయాగ్రాం దగ్గర పెట్టుకోండి.

కీతిప్పి_చూడు:
ఇవాళ మళ్లీ ఆగింది, అక్కడే చూశా. లైటు లేదు, పంపు చప్పుడు లేదు, రిలే మీద వేలు పెడితే టక్కుమనడం కూడా లేదు. బ్యాటరీ 12.6 ఉంది, ఫ్యూజులు బాగున్నాయి. డయాగ్రాం ప్రకారం నాది బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కి వచ్చే రకమే. కీ ఆన్‌లో రిలే నుంచి ఈసీయూకి వెళ్లే కంట్రోల్ వైరు మీద మీటరు పెడితే సున్నా చూపించింది. అంటే ఈసీయూ ఎర్త్ ఇస్తున్నట్టే కదా, మరి కొత్త రిలే కూడా పోయిందా?

సైలెన్సర్77:
నాకైతే నిజంగానే ఈసీయూ పోయింది అన్నా. కనెక్టర్‌లోకి నీళ్లు దిగి పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి, రిలేని లాగే ట్రాన్సిస్టర్ కాలిపోయింది. కాబట్టి ఎప్పుడూ వైరింగే అనుకోవడం కూడా తప్పే.

వైరింగ్_పిచ్చి:
సైలెన్సర్ గారూ, పోదని ఎవరూ అనట్లేదు. కానీ మీరు పచ్చ చిలుం కళ్లారా చూశారు, ఈయనకు ఇంకా ఏమీ కనపడలేదు.

కీతిప్పి గారూ, ఆ సున్నా దగ్గరే చాలామంది బోల్తా పడతారు. సున్నాకి రెండు అర్థాలున్నాయి. ఈసీయూ ఎర్త్ చేస్తే సున్నా దగ్గరకు వస్తుంది. అసలు కాయిల్ గుండా కరెంటు రాకపోయినా సున్నాయే. తేడా తెలియాలంటే కీ ఆఫ్ చేసి, రిలే సాకెట్లోనే ఉంచి, అదే వైరు చూడండి. మీ రకంలో కాయిల్ గుండా వచ్చిన బ్యాటరీ వోల్టేజ్ అక్కడ కనపడాలి. కనపడి, కీ ఆన్‌లో కూడా కిందికి దిగకపోతే అప్పుడు ఈసీయూ వైపు చూడాలి: కీ సిగ్నల్, ఎర్త్, మధ్యలో వైరు, అన్నిటికన్నా ఆఖరున ఈసీయూ. కీ ఆఫ్‌లోనూ సున్నా అయితే తెగింది కాయిల్ వైపే.

ఇంకోటి, వైరును ఓమ్స్‌లో కొలిచి బాగుంది అనుకోవద్దు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ కొడుతుంది. పెద్ద పవర్ వైర్లకు 21 వాట్ల బల్బు తగిలించి చూడండి, దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది, వైరు సన్నబడి ఉంటే బల్బు గుడ్డిగా వెలుగుతుంది. ఈసీయూ పిన్నులకు మాత్రం ఆ బల్బు పెట్టకండి, లోపలి సర్క్యూట్ పోతుంది. రిలే సాకెట్లో లావు ప్రోబు (మీటరు సూది) దూర్చకండి, గాడి వదులవుతుంది.

కీతిప్పి_చూడు:
దొరికింది! కీ ఆఫ్‌లోనూ సున్నాయే. రిలే పీకి కాయిల్ రెండు కాళ్ల మధ్య కొలిస్తే 85 ఓమ్స్, అంటే రిలే బాగుంది. సాకెట్లో కాయిల్‌కి కరెంటిచ్చే గాడిలో 12.4 వోల్టులు. రిలే పెట్టి కంట్రోల్ వైరు చూస్తే మళ్లీ సున్నా! కరెంటు గడప దాకా వచ్చి లోపలికి రావట్లేదన్నమాట. టార్చి వేసి చూస్తే మిగతా గాడుల్లో రెండు రేకులు దగ్గరగా ఉన్నాయి, ఆ ఒక్కదాంట్లో నోరు తెరుచుకుని ఉంది. పాత రిలే కాలు విడిగా దూరిస్తే పట్టు లేదు, బోర్లిస్తే జారి పడిపోయింది. ఇంతకుముందు ఎవరో లావు ప్రోబు గుచ్చినట్టున్నారు. కొత్త రిలే రెండు రోజులు ఎందుకు నడిచిందో ఇప్పుడు అర్థమైంది, గట్టిగా నొక్కి పెట్టడం వల్ల.

ఆ గాడిలోని టెర్మినల్ (రేకుల ముక్క) ఒక్కటే మార్పించాను. ఇప్పుడు కంట్రోల్ వైరు కీ ఆఫ్‌లో 12.4, ఆన్‌లో 0.2. కోడ్ చెరిపాక ఎండలో తిప్పి ఆపి, మళ్లీ తిప్పి ఆపి, అలా పన్నెండు రోజులు చూశా, ఒక్కసారి కూడా ఆగలేదు.

పాత_రెంచి:
శుభం. మీరు పీకేసిన మొదటి రిలే పారేయకండి, దానిదేం తప్పు లేదు. డిక్కీలో పడేయండి.