అప్‌డేట్: తాతగారి కాగితంలోని 'స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా' ఏ చెట్టో తెలిసింది

తాతగారి పెట్టెలో దొరికిన కాగితంలో ఎండిన కాయ ఒకటి, పక్కన 'స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా, రాక్స్‌బ్.' అన్న రాత ఉన్నాయని, అది ఏ చెట్టని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పేరు చివరి 'రాక్స్‌బ్.' అన్న పొట్టి అక్షరాలను ముందు పట్టుకోమన్న సలహాతోనే ముడి వీడింది. అది మొక్కకు ఆ శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ పేరు. 1751లో స్కాట్లాండులో పుట్టి, ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు సేకరించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోట బాధ్యత తీసుకున్నాడు. భారతీయ చిత్రకారులతో బొమ్మలు వేయించిన ఆయన కోరమాండల్ (మన తూర్పు తీరం) మొక్కల గ్రంథం 1795 నుంచి విడతలుగా లండన్‌లో వెలువడింది.

రిటైరైన వృక్షశాస్త్ర అధ్యాపకులొకరికి కాయ చూపించాను. చేతిలోకి తీసుకుని, నక్షత్రంలా అయిదు పలకలుగా విచ్చుకున్న చెక్కలాంటి తొడుగునూ, అడుగున మిగిలిన రెక్క గింజనూ చూసి వెంటనే 'సోమిద' అన్నారు. దాని బెరడు జ్వరానికి సింకోనా (క్వినైన్ ఇచ్చే చెట్టు) బెరడు బదులు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ నమ్మాడట. 1830లో దాన్ని స్వీటేనియా నుంచి వేరే ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపుగా) విడదీసినప్పుడు మన తెలుగు పేరే పెట్టారు: సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

పేరులో స్వీటేనియా ఉంది కాబట్టి ఇది మహాగనేమో అన్న అనుమానం తీరిపోయింది. స్వీటేనియా మహాగని ప్రజాతే గానీ ఇది ఆ చెట్టు కాదు, రెండూ వేప కుటుంబానివి మాత్రమే. పాత పేరుతో వెతికేవారు 'సోయ్‌మిడా' అని వెతకండి.