మిత్సుకో: పాత సీసా కొనాలా, కొత్తదా?

వేకువగాలి: ఫ్రెంచ్ పెర్ఫ్యూమ్ కంపెనీ గెర్లాన్ వాళ్ల మిత్సుకో కొందామనుకుంటున్నాను. 1919 నాటి పెర్ఫ్యూమ్ ఇంకా అమ్ముతున్నారని చదివి ఆశ పుట్టింది. కొత్తది దండగ, వేలంలో పాత సీసా వెతుక్కోమని ఒకరన్నారు. పాతవన్నీ పాడైపోయి ఉంటాయని ఇంకొకరు. రోజూ పూసుకోవడానికి ఏది మేలు?

నాచుప్రియ: పాతదే. ఇందులో చర్చేముంది? మిత్సుకోకి ప్రాణం ఓక్‌మాస్. ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ నుంచి తీస్తారు. 1917లో ఫ్రాన్స్వా కోటీ షీప్ర్ అనే పెర్ఫ్యూమ్ తెచ్చాడు, ఆ తరహాకే ఆ పేరు నిలిచింది: పైన ముందుగా తగిలేది బెర్గమోట్ (ఒక నిమ్మజాతి పండు), అడుగున చివరిదాకా నిలిచేవి లాబ్డనమ్ (ఒక పొద జిగురు), ఓక్‌మాస్. జాక్ గెర్లాన్ ఆ పునాది మీదే పీచ్ పండు వాసనొచ్చే కృత్రిమ పదార్థం కలిపి మిత్సుకో కట్టాడు. పాతది పూసుకుని గంట ఆగండి. పీచ్ తీపి వెనక్కి తగ్గి తడి బెరడు, కాస్త చేదు, సిరాలాంటి పొడిదనం పైకొస్తాయి. మర్నాడు చొక్కా కాలర్ దగ్గర ముక్కు పెట్టినా అదే. నియమాల పేరు చెప్పి కొత్తదాంట్లో ఆ అడుగునే కోసేశారు.

గాజుమూత: ఆ తడి బెరడు పూసుకుని లిఫ్ట్ ఎక్కకండి మహాప్రభో.

బీకరు: నాచుప్రియ గారూ, పాత సీసాలో ముందు చచ్చేది బెర్గమోట్. నిమ్మజాతి నూనెల్లో వాసననిచ్చే టెర్పీన్లనే పదార్థాలు గాలికీ వెలుతురుకీ ఆక్సీకరణం చెందుతాయి. మూత తీయగానే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొట్టేది అందుకే. ఫ్రాన్స్‌లో వెర్సాయ్‌లోని ఒస్మోతెక్ అనే పరిమళాల భాండాగారంలో పాత పరిమళాలను 12 డిగ్రీల దగ్గర, ఆర్గాన్ వాయువు నింపి దాస్తారు. మీ వేలం సీసా ఎవరి బాత్రూమ్ కిటికీలో ఎన్నేళ్లు ఎండిందో ఎవరు చూశారు?

నాచుప్రియ: మొదటి పది నిమిషాలు పోతే పోనీండి. ఆ తర్వాత ఎనిమిది గంటలుంది.

బీకరు: బెర్గమోట్ లేనిది షీప్రే కాదు. మీ నిర్వచనమే అది, పైకెళ్లి చదువుకోండి.

నాచుప్రియ: అబ్బ, ఒక్క బెర్గమోట్ పట్టుకుని వేలాడతారేం? నేనెన్నో ఏళ్లు వాడిన పెర్ఫ్యూమ్ (ఏదో చెప్పను) అయిపోతే అదే పేరు, అదే అట్టపెట్టె చూసి కొత్తది తెచ్చుకున్నా. పూసుకుంటే సబ్బు నీళ్లలా ఉంది. కౌంటర్‌లో అడిగితే “ఫార్ములా ఏమీ మారలేదు మేడమ్, వయసుతో ముక్కు మారుతుంది” అన్నారు. నా ముక్కుకి వయసొచ్చిందట! ఇదంతా పెర్ఫ్యూమ్ పరిశ్రమకి నియమాలు పెట్టే ఇఫ్రా పుణ్యం. 1973లో పుట్టిన ఆ సంఘం ఎవరికో నాలుగు దద్దుర్లొచ్చాయని ఓక్‌మాస్‌ని చర్మానికి తగిలే సరుకులో 0.1 శాతానికి కుదించేసింది. పడనివాళ్లు పూసుకోకపోతే సరిపోయేదిగా?

చందనపుచెక్క: ఆ “ఎవరికో”లో నేనూ ఉన్నాను.

నాకీ ఎలర్జీ పుట్టుకతో రాలేదు. మీలాగే ఏళ్ల తరబడి మెడ మీద, మోచేతి మడతలో కొట్టుకున్నా. ఒకసారి పూసుకున్న మర్నాడు కాదు, ఎల్లుండి లేచింది దురద. పూసుకున్న రోజే వస్తే కారణం దొరికేది. సబ్బు మార్చా, డిటర్జెంట్ మార్చా. చివరికి వీపు మీద ప్యాచ్‌లు అంటించి రెండ్రోజులుంచి చూస్తే ఓక్‌మాస్ దగ్గర ఎర్రగా పొంగింది. అందులోని ఆట్రనాల్, క్లోరోఆట్రనాల్ అనే రెండు అణువులు అలా చేస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే సాధారణంగా జీవితాంతం అంతే. యూరోపియన్ యూనియన్ 2017లో ఆ రెండింటినీ నిషేధించింది, 2021 ఆగస్టు నుంచి అమ్మకాల్లోనూ ఉండకూడదంది. పడనివాళ్లు మానుకోమంటున్నారు సరే, పడదని తెలిసేదే పూసుకోగా పూసుకోగా కదా?

గాజుమూత: ఇది నాకు తెలీదు.

నాచుప్రియ: మీ మెడకి నా సానుభూతి. కానీ కోట్లమంది పూసుకుంటే కొందరికి పడదు. అందుకని అందరికీ తీసేస్తారా? లేబుల్ మీద పెద్దక్షరాలతో రాయండి, చాలు.

చందనపుచెక్క: లేబుల్ ఇప్పటికే పడనివాళ్లకి పనికొస్తుంది. రేపు పడకుండా పోయేవాళ్లకి ఏం చెబుతుంది? మీకు కావలసింది మీ కాలర్ దగ్గర వాసన. దానికి ఇంకొకరి చర్మం ఖర్చయినా పర్లేదు. అంతేగా మీ మాట?

నాచుప్రియ: నోరు అదుపులో పెట్టుకోండి. నేనలా అనలేదు. తీసేసినందుకు కాదు నా మంట. తీసేసి, పాత పేరే అతికించి, అడిగితే నా ముక్కుదే తప్పన్నందుకు! సీసా మీద “2021 మార్పు” అని ఒక్క ముక్క వేస్తే పోయేదేముంది?

బీకరు: వేయరు. 1919 అనే అంకెనే అమ్ముతున్నారు మరి. అన్నట్టు ఆ రెండు అణువుల్నీ చాలావరకు తీసేసిన ఓక్‌మాస్ ఇప్పుడు దొరుకుతోంది. కాబట్టి “అడుగునే కోసేశారు” అన్నది అన్యాయం. కొత్తదాంట్లో బెర్గమోట్ కూడా తాజాగా ఉంటుంది.

నాచుప్రియ: మళ్లీ బెర్గమోట్!

చందనపుచెక్క: మార్చినప్పుడు సంవత్సరం వేయమనడానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ మీరు మొదలెట్టింది అక్కడ కాదు, “నాలుగు దద్దుర్లు” దగ్గర. ఆ మాట వెనక్కి తీసుకోండి.

నాచుప్రియ: తీసుకోను. కౌంటర్‌లో నన్నన్నమాట ఎవరు తీసుకున్నారు?

వేకువగాలి: కొత్తదే చిన్న సీసా ఆర్డర్ పెట్టాను. ముందు బట్టల మీదే కొడతాను. మెడ జోలికి పోను.

బీకరు: తెల్ల బట్టల మీద వద్దు, మరక పడొచ్చు.