ఆఫీసుకీ ఆటోక్రాస్‌కీ ఒకే సెట్ టైర్లు: 200 ట్రెడ్‌వేరా, 300 పైనా?

కొత్తస్టీరింగ్:
నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్, 15 అంగుళాల రిమ్ములు. ఆఫీసుకి రానూపోనూ 40 కిలోమీటర్లు. ఈ ఏడాదే ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారూ గడియారంతో పోటీపడే ఆట) మొదలుపెట్టాను, నెలకి ఒక రోజు ఆడుతున్నాను. ఉన్న టైర్లు అరిగిపోయాయి. ఒక సెట్‌కే డబ్బులున్నాయి. పోటీకి వచ్చేవాళ్లంతా 200 ట్రెడ్‌వేర్ (టైరు ఎంత మన్నుతుందో చెప్పే అంకె) ఉన్నవి తీసుకో, మిగతావన్నీ దండగ అంటున్నారు. నిజమేనా?

మూడోగేర్:
మీకైతే కాదు. 300 నుంచి 340 మధ్య ఉన్న మంచి వేసవి టైర్లు తీసుకోండి. ఫైర్‌స్టోన్ ఫైర్‌హాక్ ఇండీ 500 లాంటివి.

ముందు ఆ అంకె సంగతి. పరీక్ష కోసం పెట్టుకున్న ప్రామాణిక టైరుకి 100 ఇచ్చారు. దానితో పోలిస్తే రెండింతలు మన్నేదానికి 200. అయితే ఈ పరీక్ష చేసి అంకె వేసేది టైరు కంపెనీయే. అందుకే 200 అని రాసున్న రెండు టైర్లు ఒకేలా అరగవు, ఒకేలా పట్టుకోవు. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు సోలో పేరుతో పెట్టే ఆటోక్రాస్ పోటీల్లో స్ట్రీట్ విభాగానికి కనీసం 200 ఉండాలని నియమం. కంపెనీలు సరిగ్గా ఆ గీత దగ్గరే మెత్తగా, బాగా పట్టుకునే పోటీ టైర్లు తయారుచేస్తున్నాయి. రోడ్డు మీద ఎలా ఉంటుందన్నది వాటికి రెండో సంగతి.

ఇక మీ లెక్క. నెలకి 22 రోజులు ఆఫీసంటే 880 కిలోమీటర్లు. కోన్ల మధ్య నాలుగు రన్లు కలిపితే నాలుగైదు కిలోమీటర్లు కూడా ఉండవు. ఆ కాసేపటి కోసం 880 కిలోమీటర్లూ మెత్తటి రబ్బరుని అరగదీస్తారా?

దీనికన్నా పెద్ద కారణం నేర్చుకోవడం. మామూలు వేసవి టైరు పట్టు తప్పేముందు కీచుమంటుంది, స్టీరింగ్ తేలికవుతుంది, మెల్లగా జారుతుంది. ఎక్కడ ఎక్కువ వేగంతో వచ్చారో మీకు వెంటనే తెలుస్తుంది. బాగా పట్టుండే టైరు ఆ తప్పుని మింగేస్తుంది. మొదటి ఏడాది నాకు బ్రేకు ఎక్కడ వదలాలో నేర్పింది ఆ కీచు శబ్దమే.

రబ్బరువాసన:
ఒప్పుకోను. పోటీలో తన విభాగంలో అందరూ 200 మీద వస్తుంటే ఇతనొక్కడే 340 మీద వస్తే, తేడా టైరుదా తను మలుపుల్లో ఎంచుకున్న దారిదా ఎలా తెలుస్తుంది? తనలాంటి కారుతోనే పోల్చుకునే అవకాశం పోతుంది. నేర్చుకోవడానికి అదీ ముఖ్యమే కదా.

200 అంటే అన్నీ త్వరగా అరిగిపోతాయనుకోవడమూ తప్పు. హాంకూక్ ఆర్ఎస్4 చాలాకాలం మన్నుతుంది, వేడినీ బాగా తట్టుకుంటుంది. దాని చిక్కల్లా వేడెక్కడానికి టైం పడుతుంది, 50 సెకన్ల రన్‌లో మొదటి సగం చల్లటి టైరు మీదే అయిపోతుంది. యొకోహామా ఏ052 దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. మొదటి మలుపు నుంచే పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. ఫాల్కెన్ ఆర్‌టీ660 లాంటివి కూడా చూడొచ్చు. ఇంకో సంగతి, రోడ్డు మీద ఎవరైనా అడ్డొస్తే పొడి నేల మీద పనికొచ్చేది ఆ పట్టే.

తడిరోడ్డు:
పొడి నేల మీద అన్నారు, మరి వానలో? రెండేళ్లు రోజూ 200 మీదే తిరిగాను. కొత్తలో వానలోనూ బాగానే ఉండేవి. సగం అరిగాక ఒక రాత్రి హైవే మీద నీళ్లు నిలిచిన చోట ముందు టైర్లు తేలిపోయాయి. స్టీరింగ్ తిప్పినా కారు తిరగలేదు. రెండు సెకన్లే, కానీ పక్క సీట్లో మా అమ్మ ఉంది. ఆ భయం ఇప్పటికీ పోలేదు.

తప్పు నాదే. ట్రెడ్ లోతు కొలవలేదు. చాలాచోట్ల చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది, కానీ ఇలాంటి టైర్లలో గాళ్లు తక్కువ కాబట్టి నీళ్లు తోసే శక్తి అంతకంటే చాలా ముందే పోతుంది. చలిలో కూడా జాగ్రత్త. 7 డిగ్రీల కిందకి దిగితే వేసవి రబ్బరు గట్టిపడుతుంది, 200 అయినా 340 అయినా.

బోల్ట్‌నట్:
ఇంకో నాలుగు రిమ్ములు ఎక్కడైనా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఈ గొడవే ఉండదు. ఒక సెట్ అరుగుతున్నప్పుడు ఇంకోటి అరగదు, మొత్తం మీద ఖర్చు పెద్దగా పెరగదు. కాకపోతే పెట్టుకోవడానికి చోటుండాలి, మంచి జాకీ, టార్క్ రెంచ్ (నట్లని సరైన బిగువుకి బిగించే పానా) ఉండాలి. మార్చాక వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ బిగువు చూసుకోవాలి.

కొత్తస్టీరింగ్:
రెండో సెట్ ఇప్పుడు కుదరదండి. పాత టైర్లు ఇవాళ కొలిచాను. ముందు రెండూ మధ్యలో 4 మిల్లీమీటర్లున్నాయి, బయటి అంచు మాత్రం నున్నగా అయిపోయింది. వెనకవి బాగానే ఉన్నాయి.

మూడోగేర్:
ఇది మొదటే చెప్పాల్సింది! అలాగైతే ఏ టైరు వేసినా ముందు బయటి అంచే పోతుంది. మెత్తటిదైతే ఇంకా త్వరగా. కారు మలుపులో ఒరిగినప్పుడు టైరు అంచు మీద నిలబడుతోంది. ముందు అలైన్‌మెంట్ చూపించండి. మీ కారులో వీలైతే ముందు చక్రాలకి కాస్త నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఇప్పించండి, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) సరిచేయించండి. పోటీ రోజున ముందు టైర్లలో గాలి రోడ్డు మీద పెట్టేదానికంటే కొంచెం ఎక్కువ పెట్టండి. అంచు మీద సుద్దముక్కతో గీత గీసి ఒక రన్ వెళ్లి రండి. సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది. సుద్ద దాన్ని దాటి చెరిగితే ఇంకో రెండు పీఎస్ఐ ఎక్కించండి. ఆట అయ్యాక రోడ్డుకి తగ్గించడం మర్చిపోకండి.

రబ్బరువాసన గారూ, వేడెక్కే సంగతిలో మీరన్నది నిజం. ఆర్ఎస్4 ఆటోక్రాస్‌కంటే ట్రాక్‌కే నప్పుతుంది. మిగతాదానిలో నా మాట మీదే ఉన్నాను.

రబ్బరువాసన:
నేనూ నా మాట మీదే. పైగా 15 అంగుళాల్లో 300 పైన మంచివి వెతుక్కోవాలి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటివి ఆ సైజులో రావు. కానీ ఆ అంచు చూశాక, అలైన్‌మెంట్ కాకుండా 200 కొనొద్దని నేనూ చెప్తాను.

కొత్తస్టీరింగ్:
శనివారం అలైన్‌మెంట్‌కి ఇచ్చాను. వానలో మా నాన్నని కూడా తీసుకెళ్లే కారు ఇది, అందుకే ఈ ఏడాదికి 340 మీదే వెళ్తాను. కొనేటప్పుడు తయారీ తేదీ ఎలా చూడాలి?

తడిరోడ్డు:
సైడ్‌వాల్ మీద DOT అనే అక్షరాలు ఉన్నచోట చివరి నాలుగంకెలు. 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్లూ విడివిడిగా చూడండి. ఒక్కోసారి సెట్‌లో ఒకటి పాతది కలుస్తుంది.