బొమ్మిడాయా, మలుగుపామా? ఎర్ర (వానపాము ఎర) తినేసి పోతోంది, గాలానికి పడట్లేదు

ప్రశ్న: డెల్టా కాలువ లాకు దగ్గర పాములాంటి చేప పడింది. మూతి సూదిగా ఉంది, పట్టుకుంటే గుచ్చింది. ఇది బొమ్మిడాయేనా? మళ్లీ అక్కడే వేస్తే ఎర్ర పోతోంది తప్ప చేప రావట్లేదు.

జవాబు: గుచ్చిందంటే బొమ్మిడాయే తమ్ముడూ. మలుగుపాము కూడా పాములాంటి చేపే గానీ దానికి వీపున ముళ్లుండవు. బొమ్మిడాయికి తోక నుంచి తల వైపు నిమిరితే రంపం పళ్లలా విడివిడిగా తగులుతాయి, పెద్ద రకానికి 32 నుంచి 39 దాకా. మూతి చివర చిన్న తొండంలాంటి మెత్తని కండ ఉంటుంది. తోక రెక్క పైరెక్కతో, కిందిరెక్కతో కలిసిపోయి, ఒంటి మీద గోధుమరంగు వలగీతలుంటే పెద్ద రకం. తోక విడిగా ఉంటే చిన్న రకం.

ఇంకొకరి జవాబు: ఎర్ర పోతోందంటే గాలం పెద్దదండీ. బొమ్మిడాయి నోరు చాలా చిన్నది, 8 లేదా 10 నంబరు వాడండి. నీటిపై తేలే బెండు తీసేయండి, ఎర నేలమీదే ఉండాలి. 15 గ్రాముల సీసం గుండు తంగూసు (గాలం కట్టే నైలాన్ దారం) మీద జారేలా ఎక్కించి, కింద పూస అడ్డుపెట్టి, అక్కణ్ణుంచి గాలానికి జానెడు తంగూసు వదలండి. గుండుని నొక్కి బిగిస్తే బరువు తగలగానే ఎర వదిలేస్తుంది. ఎర్ర రెండు సెంటీమీటర్ల ముక్క చాలు, కొస కొంచెమే వేలాడాలి.

పగలు రాళ్ల సందుల్లో, ఇసుకలో దూరి ఉంటుంది. పొద్దుగూకాక వేయండి, రాళ్లలోకి కాదు, రాళ్ల అంచున. ముందు టక్కుటక్కుమని రెండుసార్లు తగులుతుంది, తర్వాత తంగూసు మెల్లగా పక్కకి జరుగుతుంది. అప్పుడే ఎత్తండి. ఆలస్యం చేస్తే వెనక్కి సందులోకి దూరి ముళ్లు నిక్కబొడుస్తుంది, లాగితే తంగూసు తెగుతుంది. అలా ఇరుక్కుంటే తంగూసు వదులు చేసి రెండు నిమిషాలు ఆగండి. కదిలినట్టు అనిపించాకే లాగండి.

ప్రశ్న: గుచ్చకుండా ఎలా పట్టుకోవాలన్నా?

జవాబు: అది వెనక్కి జారుతూ పొడుస్తుంది, అందుకే మధ్యలో పట్టుకోవద్దు. తడి గోనెగుడ్డతో తల వెనకే గట్టిగా పట్టు. గాలం మింగేస్తే పీకకు, తంగూసు కత్తిరించు. వానాకాలంలో పొట్ట ఉబ్బి గుడ్లతో ఉన్నవాటిని మాత్రం దయచేసి వదిలెయ్. వండుకునేవాటికి ముందు కత్తెరతో వీపు ముళ్లు తీసి, తర్వాత బూడిదో కల్లుప్పో వేసి రుద్దితే జిగురు పోతుంది.